కార్డు స్కానర్ డివైస్ మేనేజర్‌లో ఉంది, సాఫ్ట్‌వేరుకు మాత్రం దొరకడం లేదు: స్కానర్ మార్చే ముందు చూడవలసినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ కార్యాలయంలో ఐదు కంప్యూటర్లకు ఒకే రకం గుర్తింపు కార్డు స్కానర్లు కొని పెట్టారు. మూడింటిలో డివైస్ మేనేజర్ (కంప్యూటర్‌కు తగిలించిన పరికరాల పట్టిక చూపే విండోస్ పేజీ) స్కానర్‌ను చూపుతున్నా, వివరాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ మాత్రం "స్కానర్ కనబడలేదు" అంటోంది. పనిచేస్తున్న రెండింటిలో ఒకటి మధ్యాహ్న విరామం తరువాత ఆగిపోయి, కేబుల్ పీకి మళ్లీ పెడితే తప్ప కదలడం లేదు. రెండవదానిలో కార్డు బొమ్మ పొడవునా సన్నని గీత పడుతోంది, పేర్లూ నంబర్లూ తప్పుగా వస్తున్నాయి. ఐదింటినీ తిరిగి ఇచ్చేసి వేరే కంపెనీవి కొనాలా అని అడిగారు.

వద్దు. తిరిగి ఇవ్వవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. మీరు చెప్పినవి ఒక జబ్బుకు మూడు లక్షణాలు కావు, మూడు వేర్వేరు జబ్బులు. మొదటిది చాలావరకు, సాఫ్ట్‌వేర్ 32 బిట్ రకం, డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాం) 64 బిట్ రకం, లేదా అటుదిటుగా ఉండి, రెంటికీ పొంతన లేకపోవడం. రెండవది, వాడకం లేనప్పుడు విండోస్ యూఎస్‌బీ పోర్టుకు కరెంటు ఆపివేయడం. మూడవది గాజు మీది దుమ్ము, దానితో పాటు కాలిబ్రేషన్, అంటే తెలుపు ఏదో స్కానర్‌కు చూపి సరిచేయడం. వీటిలో ఏదీ స్కానర్ చెడిపోవడం కాదు కాబట్టి, కొత్తవి కొన్నా నెల తిరక్కుండానే ఇదే ప్రశ్న మళ్లీ అడగవలసి వస్తుంది. పదిహేనేళ్లుగా ఆఫీసు కంప్యూటర్లకు ఇలాంటి పరికరాలు అమర్చే పనిలో ఉన్నాను; చెడిపోయిందని నా చేతికి వచ్చిన కార్డు స్కానర్లలో నిజంగా చెడినవి చాలా కొద్ది.

ముందు ఒక పరీక్ష చేయండి. మీ నమోదు సాఫ్ట్‌వేరును పూర్తిగా మూసివేసి, స్కానర్ తయారీదారు ఇచ్చిన సొంత స్కానింగ్ ప్రోగ్రాంతో ఒక కార్డును స్కాన్ చేయండి. బొమ్మ వస్తే కేబుల్, పోర్టు, స్కానర్, ఆ ప్రోగ్రాం వాడే డ్రైవర్ నాలుగూ బాగున్నట్లే, ఇక వెతకవలసింది మీ సాఫ్ట్‌వేర్‌లోనూ, అది స్కానర్‌ను చేరే దారిలోనూ. రాకపోతే మీ సాఫ్ట్‌వేరును ముట్టుకోకండి, లోపం ఆ నాలుగింటిలోనే ఉంది. రెండు నిమిషాలు పట్టే ఈ పరీక్ష చేయకుండా, సాఫ్ట్‌వేర్ కంపెనీ వారు స్కానర్ కంపెనీ మీదా, వారు తిరిగి వీరి మీదా నెట్టుకుంటూ ఉంటే వారాలు గడిపిన కార్యాలయాలను చాలా చూశాను.

ఇప్పుడు మూడు కంప్యూటర్ల సంగతి. డివైస్ మేనేజర్‌లో పేరు కనబడడానికి అర్థం, పరికరం యూఎస్‌బీ ద్వారా పలికిందనీ, దానికి ఏదో ఒక డ్రైవర్ అతుక్కుందనీ మాత్రమే. అక్కడి నుంచి మీ సాఫ్ట్‌వేర్ దాకా ఇంకొక వంతెన ఉంటుంది. చాలా స్కానర్లకు ఆ వంతెన పేరు ట్వెయిన్. 1992లో వచ్చిన ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. కొన్ని ప్రోగ్రాములు విండోస్‌తో పాటు వచ్చే డబ్ల్యూఐఏ అనే వంతెనను వాడతాయి. కార్డు స్కానర్లలో కొన్నింటికి ఈ రెండూ ఉండవు, తయారీదారు సొంత లైబ్రరీ ద్వారానే మాట్లాడతాయి. మీ సాఫ్ట్‌వేర్ ఏ దారిన వెళ్తుందో దాని సెట్టింగులలోనో, అమ్మినవారిని అడిగో ముందు తెలుసుకోవాలి.

ట్వెయిన్ అయితే ఒక నియమం ఉంది, దానికి మినహాయింపు లేదు. 32 బిట్ ప్రోగ్రాం 32 బిట్ ట్వెయిన్ డ్రైవరునే చూడగలదు, 64 బిట్ ప్రోగ్రాం 64 బిట్ డ్రైవరునే చూడగలదు. విండోస్ 64 బిట్‌ది కదా అని చాలామంది 64 బిట్ డ్రైవర్ ఒక్కటే వేస్తారు. నమోదు సాఫ్ట్‌వేర్ పాతకాలపు 32 బిట్‌ది అయితే దాని కంటికి ఆ డ్రైవర్ ఆనదు. దీన్ని రూఢి చేసుకోవడం తేలిక. మీ సాఫ్ట్‌వేరును తెరిచి ఉంచి, టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ పేజీకి వెళ్లి, శీర్షికల వరుస మీద మౌస్ కుడి బటన్ నొక్కి, ప్లాట్‌ఫామ్ అనే కాలమ్‌ను చేర్చండి. ప్రోగ్రాం 32 బిట్‌దో 64 బిట్‌దో అక్కడే కనిపిస్తుంది. తరువాత విండోస్ ఫోల్డర్ తెరవండి. ట్వెయిన్ 32, ట్వెయిన్ 64 అనే పేర్లతో ఫోల్డర్లు ఉంటాయి; 64 బిట్ డ్రైవర్ ఏదీ వేయకపోతే రెండవది ఉండకపోవచ్చు. మీ స్కానర్ పేరు ఏ ఫోల్డర్‌లో ఉందో చూసి, ప్రోగ్రాంతో పోల్చుకోండి. పనిచేస్తున్న కంప్యూటర్లలో రెండు ఫోల్డర్లలోనూ పేరు ఉండి, పనిచేయని మూడింటిలో ఒక్కదానిలోనే ఉంటే మీకు జవాబు దొరికినట్లే. తయారీదారు ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడిపి, రెండు డ్రైవర్లనూ వేయండి.

మీ నమోదు సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లో తెరుచుకునే రకమైతే సంగతి వేరు. వెబ్ పేజీ తానుగా ట్వెయిన్ డ్రైవరును పిలవలేదు కాబట్టి, ఆ కంప్యూటర్‌లోనే వెనక ఒక చిన్న సహాయక ప్రోగ్రాం నడుస్తూ 127.0.0.1 అనే స్థానిక చిరునామా దగ్గర కాచుకుని ఉంటుంది. ఆ ప్రోగ్రాం ఆగిపోయినా, యాంటీవైరస్ దాని పోర్టును అడ్డుకున్నా, దాని సర్టిఫికెట్ గడువు తీరినా పేజీకి కనిపించే ఫలితం ఒకటే, "స్కానర్ లేదు". కొత్త బ్రౌజర్లు వెబ్ పేజీని స్థానిక చిరునామా దగ్గరికి పోనిచ్చే ముందు అనుమతి అడుగుతున్నాయి. హడావిడిలో ఎవరో "వద్దు" నొక్కి ఉంటే తరువాత అది మళ్లీ అడగదు. ఆ సైటు అనుమతులను ఒకసారి తెరిచి చూడండి.

డ్రైవర్ వేసే తీరులోనూ పొరపాటు జరుగుతుంది. చాలా కార్డు స్కానర్లకు ముందు డ్రైవర్, తరువాత కేబుల్ అనేది వరుస. కేబుల్ ముందు పెట్టేస్తే విండోస్ తన దగ్గరున్న సాధారణ డ్రైవరును అంటించే అవకాశం ఉంది. పేరు కనిపిస్తుంది, పని జరగదు. అలా జరిగిందనిపిస్తే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరాన్ని తొలగిస్తూ, డ్రైవర్ ఫైళ్లను కూడా తీసివేయమనే గడిలో టిక్ పెట్టండి, కేబుల్ తీయండి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి, అడ్మినిస్ట్రేటర్‌గా డ్రైవర్ వేయండి, అప్పుడు మాత్రమే కేబుల్ పెట్టండి. పసుపు గుర్తు కనబడితే దాని లోపల ఉన్న కోడ్ నంబరును చదవకుండా ముందుకు పోవద్దు. 28 అంటే డ్రైవరే లేదు. 10 అంటే పరికరాన్ని మొదలుపెట్టలేకపోయింది. 43 అంటే పరికరమే లోపాన్ని తెలియజేసింది కాబట్టి విండోస్ దాన్ని ఆపివేసింది. ఈ ఒక్కదానిలో కేబులునూ పోర్టునూ ముందుగా అనుమానిస్తాను. 52 అంటే డ్రైవర్ డిజిటల్ సంతకాన్ని విండోస్ నమ్మలేదు. పాత స్కానర్లను విండోస్ 11 కంప్యూటర్లకు మార్చినప్పుడు మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ పాత డ్రైవర్లను లోపలికి రానివ్వకపోవడం కూడా ఉంది. అప్పుడు ఆ రక్షణను తీసివేయమని సలహా ఇచ్చేవారు కనిపిస్తారు. అందరి గుర్తింపు వివరాలూ ఎక్కే కంప్యూటర్‌లో అది చేయకూడదు, తయారీదారు కొత్త డ్రైవరునే అడగాలి.

చివరి పరీక్ష ఎప్పుడూ మీ అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో కాదు, రోజూ అక్కడ కూర్చునే ఉద్యోగి ఖాతాతో లాగిన్ అయి చేయండి. స్కాన్ సెట్టింగులు, బొమ్మలు దాచే ఫోల్డర్ ఇన్‌స్టాల్ చేసిన ఖాతా కిందనే ఉండిపోయి, తెల్లవారి వచ్చిన ఉద్యోగికి ఏమీ పనిచేయకపోవడం ఈ పనిలో నిత్యం జరిగేదే. అలాగే, ప్రోగ్రాంను అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడిపితే, మామూలు ఖాతాలో కలిపిన నెట్‌వర్క్ డ్రైవు దానికి కనిపించదు. స్కాన్ అవుతుంది, "సేవ్ చేయలేకపోయాను" అంటుంది, నింద స్కానర్ మీద పడుతుంది.

రెండవ జబ్బు, మధ్యాహ్నం ఆగిపోయే కంప్యూటర్. దీనికి నేను పెద్దగా చెప్పవలసింది లేదు. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌లు ఒక్కొక్కదాన్నీ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపివేయవచ్చు అనే గడిలోని టిక్ తీసివేయండి. స్కానర్‌కూ అదే పేజీ ఉంటే అక్కడా తీయండి. పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి. స్కానర్ ఏదైనా హబ్‌కో (ఒక పోర్టును పలు పోర్టులుగా పంచే పెట్టె), మానిటర్ పక్కనున్న పోర్టుకో తగిలించి ఉంటే తీసి, కంప్యూటర్ వెనుక ఉన్న పోర్టుకు నేరుగా పెట్టండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీయాంపియర్లు, యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీయాంపియర్లు ఇస్తుంది. సొంత అడాప్టర్ లేని హబ్ తనకు అందిన కొద్దిపాటి కరెంటునే అందరికీ పంచుతుంది. మోటారు తిరిగి కార్డును లాక్కునే క్షణంలోనే స్కానర్ మాయమవుతుంటే కారణం ఇదే. కార్డు సగం లోపలికి వెళ్లి ఆగిపోవడం దీనికి గుర్తు.

మూడవదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని సాఫ్ట్‌వేర్ లోపమనుకుంటారు. కార్డును లోపలికి లాక్కునే స్కానర్లలో సెన్సార్ కదలదు, కార్డే దాని ముందు నుంచి జారుతుంది. సెన్సార్ ఒక్కొక్క గీతను చదివి బొమ్మను పేరుస్తుంది. గాజు మీద ఒకచోట ఆవగింజలో పదోవంతు దుమ్ము ఉన్నా, అది ప్రతి గీతలోనూ అదే స్థానంలో పడుతుంది కాబట్టి, బొమ్మలో చుక్కగా కాక ఈ చివర నుంచి ఆ చివరకు గీతగా కనిపిస్తుంది. అందుకే కార్డు కదిలే దిశలో గీత పడితే నేను గాజును తుడుస్తాను, వేరే ఏదీ చూడను. నూలుపోగులు వదలని మెత్తని బట్టకు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. ద్రవాన్ని నేరుగా స్కానర్ లోపలికి చల్లకండి. తయారీదారు శుభ్రపరిచే కార్డు ఇచ్చి ఉంటే అది ఇంకా మంచిది.

తుడిచిన తరువాతే కాలిబ్రేషన్ చేయాలి, ముందు కాదు. కాలిబ్రేషన్‌లో స్కానర్ తెల్లకార్డును చూసి, సెన్సార్‌లో ఏ బిందువు దగ్గర వెలుతురు ఎంత తక్కువగా పడుతోందో లెక్క వేసుకుని, అంత మేరకు అక్కడ పెంచుకుంటుంది. దుమ్ము ఉండగా చేస్తే, దుమ్ము ఉన్నచోట వెలుతురు తక్కువని నమ్మి పెంచుకుంటుంది. మరునాడు ఆ దుమ్ము రాలిపోయినా అక్కడ తెల్లగీత మిగిలిపోతుంది. ఒక కార్యాలయంలో స్కాన్ చేసిన ముఖాలన్నీ గులాబీ రంగులో వస్తున్నాయని పిలిచారు. తెల్ల కాలిబ్రేషన్ కార్డు ఎక్కడో పోతే, అక్కడివారు లేత ఆకుపచ్చ సందర్శకుల కార్డుతో కాలిబ్రేషన్ చేశారట. స్కానర్ ఆ ఆకుపచ్చనే తెలుపని నమ్మింది. తెల్లకార్డును కవరులో పెట్టి, స్కానర్ అడుగునే టేపుతో అంటించి ఉంచడం అప్పటి నుంచి నా అలవాటు.

అక్షరాలు తప్పుగా రావడం గీత వల్లనే కావచ్చు, రిజల్యూషన్ వల్లా కావచ్చు. గుర్తింపు కార్డుల ప్రామాణిక కొలత 85.60 × 53.98 మిల్లీమీటర్లు, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, అది దాదాపు 1011 × 638 పిక్సెళ్ల బొమ్మ. మీ బొమ్మ దానిలో సగమే ఉంటే ఎవరో 150 పెట్టి ఉంటారు. 300 కంటే తగ్గించవద్దు. 600 పెడితే చిన్న అక్షరాలకు మేలే గాని, ఫైలు పెరుగుతుంది, వరుసలో నిలబడినవారు ఎదురుచూడవలసి వస్తుంది.

అయితే నా అభిప్రాయంలో, కార్డు ముఖం మీది అచ్చును చదివించడం అన్నిటికన్నా చివరి మార్గం. కార్డులో చిప్ గాని, బార్‌కోడ్ గాని, కింద రెండు మూడు వరుసల యంత్ర పఠన గీత (యంత్రం చదవడానికే అచ్చువేసిన అక్షరాలు, అంకెలు) గాని ఉంటే సాఫ్ట్‌వేరును ముందు వాటినే చదివేలా అమర్చండి. పీడీఎఫ్417, క్యూఆర్ వంటి బార్‌కోడ్లలో లోపాలను సరిదిద్దుకునే ఏర్పాటు ఉంటుంది కాబట్టి, పరికరం వాటిని సరిగ్గా చదువుతుంది, లేదా అసలు చదవదు. అచ్చును చదివే పద్ధతి అలా కాదు, తెలియకపోయినా ఏదో ఒకటి ఊహించి చెబుతుంది.

యంత్ర పఠన గీతలో తనిఖీ అంకెలు ఉంటాయి. ఒక ఉదాహరణ చూడండి. పుట్టిన తేదీ 850317 అనుకుందాం. అంకెలను వరుసగా 7, 3, 1, మళ్లీ 7, 3, 1తో హెచ్చవేస్తే 56, 15, 0, 21, 3, 7 వస్తాయి. మొత్తం 102, చివరి అంకె 2. గీతలో తేదీ పక్కన ఆ 2 అచ్చయి ఉంటుంది. బొమ్మ మీద పడిన దుమ్ము గీత వల్ల మొదటి 8ని 3గా చదివితే మొత్తం 67 అవుతుంది, చివరి అంకె 7 వస్తుంది, పొంతన కుదరదు, సాఫ్ట్‌వేర్ వెంటనే తప్పు పట్టాలి. మీ సాఫ్ట్‌వేర్ పట్టడం లేదంటే ఆ తనిఖీ సెట్టింగు ఆపి ఉందేమో చూడండి; త్వరగా పని అవుతుందని దాన్ని ఆపివేసేవారు ఉన్నారు. ఒక్క జాగ్రత్త. పేరుకు తనిఖీ అంకె ఉండదు. పైగా కార్డు పరిమాణంలోని పత్రాలలో పేరు వరుసకు 30 స్థానాలే ఉంటాయి కాబట్టి పొడవైన పేర్లు అక్కడ కత్తిరింపబడతాయి, ఇంగ్లీషు పెద్ద అక్షరాలలోనే ఉంటాయి. పేరును మాత్రం ఉద్యోగి కంటితో చూసి సరిపోల్చవలసిందే.

మీరు అడగకపోయినా, ముందుముందు ఎదురయ్యే రెండు విషయాలు చెబుతాను. బార్‌కోడ్ చదివే కొన్ని పరికరాలు తమను కంప్యూటర్‌కు కీబోర్డుగా పరిచయం చేసుకుని, చదివినదాన్ని టైపు చేసినట్లు పంపుతాయి. అప్పుడు కీబోర్డు భాష ఏదో అదే అక్షరాలు పడతాయి. ఉద్యోగి అంతకుముందు తెలుగులో ఏదో టైపు చేసి, తిరిగి ఇంగ్లీషుకు మార్చకపోతే, కార్డు నంబరు ఉండవలసిన గడిలో గుణింతాలు ప్రత్యక్షమవుతాయి. ఇంకొక విచిత్రం కూడా చూశాను. కార్డు స్కాన్ చేసిన ప్రతిసారీ బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ల పేజీ తెరుచుకునేది. వైరస్ అని భయపడి రెండుసార్లు విండోస్‌ను మళ్లీ వేశారట. బార్‌కోడ్‌లోని కొత్త వరుస సంకేతాన్ని పరికరం కంట్రోల్, జె మీటలు కలిపి నొక్కినట్లుగా పంపుతోంది; బ్రౌజర్‌కు ఆ రెండు మీటల అర్థం డౌన్‌లోడ్లు చూపమని. పరికరం సెట్టింగులలో ఆ సంకేతాన్ని ట్యాబ్‌గా మార్చగానే సమస్య పోయింది.

రెండవది నా సొంత పొరపాటు. చిప్ కార్డు రీడర్ పనిచేయడం లేదంటే, నా చోటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ కంప్యూటర్‌లోకి వెళ్లి చూశాను. రీడర్ జాడే లేదు. రీడర్ మార్పించాను, కొత్తదీ కనబడలేదు, దాన్నీ మార్పించాను. మూడో రోజు స్వయంగా వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటే రీడర్ దర్జాగా వెలుగుతూ కనిపించింది. రిమోట్ డెస్క్‌టాప్ సెషన్‌లో విండోస్ ఎదుటి కంప్యూటర్‌కు తగిలించిన స్మార్ట్ కార్డు రీడర్లను చూపదు, మనం కూర్చున్న కంప్యూటర్‌కు ఉన్నవాటినే అక్కడికి తీసుకువెళ్తుంది. అసలు లోపం కార్డును తిరగేసి పెట్టడం. చిప్ రీడర్లను పరీక్షించాలంటే అక్కడికి వెళ్లండి, లేదా అక్కడి తెరను ఉన్నదున్నట్లు చూపే సాధనాన్ని వాడండి.

అన్నీ సర్దుకున్న తరువాత ఒక్కొక్క కంప్యూటర్‌లోనూ తాత్కాలిక ఫైళ్ల ఫోల్డరును తెరిచి చూడండి. స్కానింగ్ ప్రోగ్రాములు కొన్ని ప్రతి కార్డు బొమ్మకూ అక్కడ ఒక నకలు వదిలేస్తాయి, నమోదు సాఫ్ట్‌వేర్ వాటిని తీసివేయదు. పాత కంప్యూటర్‌ను మారుస్తుండగా అలాంటి ఫోల్డర్‌లో వేల కార్డుల బొమ్మలు, ఏ తాళమూ లేకుండా, నాకు కనిపించాయి. పరీక్షలకు కూడా ఇతరుల కార్డులు వాడకండి, మీ సొంత కార్డుతో చేసి ఆ బొమ్మలను తొలగించండి.

పనిచేయని మూడు కంప్యూటర్లలో ఒకదాని మీద తయారీదారు ప్రోగ్రాంతో పరీక్ష, టాస్క్ మేనేజర్‌లో బిట్ల సంగతి చూసి, స్కానర్ మోడల్‌తో పాటు ఇక్కడ రాయండి. ఆ మూడు వివరాలు ఉంటే తరువాత ఏం చేయాలో కచ్చితంగా చెప్పగలను.